మా ఆయన చెవి వెనక

ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున మా ఇంట్లో తూర్పు గది తలుపుకి గడియ పడుతుంది. కోతకొచ్చే ఆడవాళ్ళు ఆ రోజు చర్చికి వెళ్తారు కాబట్టి చేలో పనుండదు, కల్లంలోంచి ఎవరూ వచ్చి పిలవరు. మా ఆయన బనీను కూడా విప్పేసి కిటికీ ఎదురుగా స్టూలు మీద కూర్చుంటాడు. నేను నడినెత్తి నుంచి మొదలుపెడతాను. పాపిళ్ళు తీసి మాడు చూస్తాను. నుదురు, ముక్కు పక్కలు, కింది పెదవి, మెడ, వీపు, మోచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళు, చివరికి అరికాళ్ళు. కొత్తగా లేచిన పొక్కు, మానని పుండు, రంగు మారిన పుట్టుమచ్చ ఏదన్నా ఉందేమో వెతకాలి. ఏడేళ్ళ కిందట ఆయనకి కిడ్నీ మార్చినప్పుడు డాక్టర్లు నాకు అప్పజెప్పిన పని ఇది.

నిజం చెప్పొద్దూ, ఆ గడియ వేసుకోవడమంటే నాకు మహా ఇష్టం. మా ఆయన మొత్తమ్మీద ఇంకొకరికి వాటా లేనిది ఆ చర్మం ఒక్కటేనని నా లెక్క. లోపలిది మా వదినది.

వదినంటే ఆయన అక్క. దర్శి దగ్గర పల్లెటూరికి ఇచ్చారు. ఆయనకి తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోతే, పదిహేనేళ్ళ ఈవిడే తమ్ముడికి వండిపెట్టి, జుట్టు దువ్వి, బడికి పంపించింది. నేను కాపురానికొచ్చినప్పుడు అత్త లేని ఇల్లని మా వాళ్ళంతా నా అదృష్టానికి మురిసిపోయారు. ఆడబిడ్డ అర్ధమొగుడన్న మాట ఎవరూ గుర్తుచెయ్యలేదు. మా పెళ్ళయిన కొత్తలో ఆవిడ వచ్చిందంటే ఈయన గొంతే మారిపోయేది. నాతో మాట్లాడేటప్పుడు ఎరువులు, పురుగుమందులు, కూలీలు. ఆవిడతో మాట్లాడేటప్పుడు నవ్వులు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని చిన్నప్పటి దొంగతనాలు చెప్పుకుంటుంటే నేను లోపల గిన్నెలు కాస్త గట్టిగానే కడిగేదాన్ని.

ఆయనకి కిడ్నీలు పాడయ్యాయి. బీపీ ఉందని తెలిసినా లక్ష్యపెట్టలేదు, కాళ్ళు వాచేదాకా ఆసుపత్రి మొహం చూడలేదు. ఏడాదికి పైగా వారానికి మూడుసార్లు గుంటూరు వెళ్ళి డయాలసిస్ చేయించుకుని వచ్చాం. కిడ్నీ ఇచ్చేవాళ్ళుంటే మంచిదన్నారు. ముందు నేనే చెయ్యి చాపాను, రక్తం తీసుకోండని. నాది బి, ఆయనది ఓ. "మీది ఆయనకి పనికిరాదమ్మా" అన్నారు. డాక్టరు చెప్పింది రక్తం గురించి. ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన దానికి ఆ పనికిరాదన్న ముక్క ఒక్కటే చెవిలో పడింది.

వదిన రక్తం ఓ. పరీక్షలన్నీ కుదిరాయి. "నాకు రెండున్నాయిగా, ఒకటి తీస్కోరా" అంది, బుట్టలోంచి దోసకాయ తీసిచ్చినట్టు. ఆపరేషను థియేటరు లోపలికి తీసుకెళ్ళే ముందు ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాను. నటన కాదు, మనస్ఫూర్తిగానే పెట్టాను. ఏడాది తిరక్కుండా అవే కాళ్ళు మా గడప తొక్కితే నాకు కడుపు మండడం మొదలయింది.

ఎందుకు మండదు? రోజూ సాయంత్రం ఫోను చేసి "ఏరా, నా కిడ్నీ ఎట్టా ఉంది?" అంటుంది. ఈయన పకపకా నవ్వుతాడు. నేను పొద్దున్నే లేచి మందులు వేళకి ఇస్తాను, నీళ్ళు మరగకాచి పోస్తాను, పచ్చిదేదీ ముట్టనివ్వను. రక్తపరీక్ష బాగుందని వస్తే ఊళ్ళో అందరూ "అక్క కిడ్నీ బంగారమయ్యా, రక్తసంబంధమంటే అదీ" అంటారు. ఓసారి జ్వరమొస్తే "ఏం పెట్టావమ్మా తినడానికి?" అని నన్నడిగారు. బాగుంటే ఆవిడ కిడ్నీ, బాగోకపోతే నా వంట.

చర్మం సంగతి చెప్పింది గుంటూరులో చర్మవ్యాధుల డాక్టరమ్మ. కిడ్నీ డాక్టరుగారే ఆవిడ దగ్గరికి పంపించారు. "వేరే మనిషి కిడ్నీని ఒళ్ళు పరాయిదనుకుంటుంది, తరిమెయ్యాలని చూస్తుంది. అలా తరమకుండా ఉండటానికే ఈ మందులు. కానీ వీటివల్ల ఒంట్లో కాపలా పల్చబడుతుంది. ఎండకి చర్మం దెబ్బతిన్న చోట కాన్సరు పుడితే పట్టుకుని చంపేవాళ్ళుండరు. అలాగని మందులు మానకూడదు, జీవితాంతం వేసుకోవాల్సిందే" అని చెప్పింది. నేను బుద్ధిగా తలూపాను. పరాయిదాన్ని తరిమెయ్యకుండా ఆపే మందేదో నాకూ పూటకో బిళ్ళ ఇస్తే మా వదినతో సుఖంగా ఉందునే అనుకున్నాను లోపల.

మా ఆయన నవ్వాడు. "మేం నల్లవాళ్ళమండీ. మిరపచేలో పుట్టి పెరిగినోళ్ళం. ఎండ మమ్మల్నేం చేస్తుంది?"

"తెల్లతోలు వాళ్ళకున్నంత ముప్పు ఉండదు, నిజమే. అసలు రాదని మాత్రం కాదు. పైగా మీకు వస్తే ఎవరూ అనుమానించరు, ముదిరాక తీసుకొస్తారు" అంది ఆవిడ. పొడుగు చేతుల చొక్కా వెయ్యాలి, తల, చెవులు, మెడ కప్పుకోవాలి, ఎండ తీవ్రంగా ఉన్న వేళ బయట తిరక్కూడదు, ముఖానికి, చేతులకి క్రీము రాయాలి. నెలకోసారి ఇంట్లో ఎవరైనా ఒళ్ళంతా చూడాలి, ఏడాదికోసారి తనకి చూపించాలి. మూడు నాలుగు వారాల్లో మానని పుండేదైనా సరే, ఎంత చిన్నదైనా సరే, అప్పుడే రావాలి. నర్సు నా చేతికొక కాగితం ఇచ్చింది. మనిషి బొమ్మ, ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. ఏదన్నా కనపడితే ఆ చోట చుక్క పెట్టుకుని రమ్మంది.

"ఇంట్లో ఎవరు చూస్తారు?" అని డాక్టరమ్మ అడిగితే వదిన కూడా పక్కనే ఉంది. "నేను" అన్నాను, అవసరమైన దానికన్నా గట్టిగా.

ప్రత్తిపాడులో నాలుగు పొడుగు చేతుల చొక్కాలు కుట్టించాను. పెద్ద తువ్వాలు కొని చెవులు కూడా మూసుకుపోయేట్టు తలపాగా చుట్టేదాన్ని. క్రీము రాస్తే విభూతి పూసుకున్న జంగమదేవరలా ఉన్నానని గొణిగేవాడు గానీ రాయించుకునేవాడు. ఓ ఏడాది గడిచాక వదిన వెడల్పు అంచున్న గుడ్డ టోపీ ఒకటి పట్టుకొచ్చింది. గడ్డం కింద ముడేసుకునే తాడుంది దానికి. ఊళ్ళో మగవాళ్ళు "ఏంది దొరగారూ, ఇటు దయచేశారు" అని ఏడిపించినా ఈయన ఆ టోపీ వదల్లేదు. "తువ్వాలైతే చెమట పోస్తోందే" అన్నాడు. అప్పటినుంచి నా తువ్వాలు దండెం మీదే ఉంది.

నెలనెలా చూసినప్పుడల్లా ఆ బొమ్మ కాగితం వెనక తారీకు వేసి "ఏం లేదు" అని రాసేదాన్ని. కాగితం నిండితే జెరాక్సు తీయించేదాన్ని. అలా కాగితాల కట్ట పెరుగుతుంటే నాకు గర్వంగా ఉండేది. వదిన ఇచ్చింది ఒక్కసారి. నేను ఇస్తున్నది ఇన్నిసార్లు. ఆ కట్ట ఎవరికీ చూపించలేదు గానీ, ఎప్పుడైనా ఎవరైనా అడిగితే తియ్యడానికి వీలుగా అలమార పై అరలోనే ఉంచాను.

పోయినేడు ఉగాదికి వదిన వచ్చింది. ప్రతి ఉగాదికీ వచ్చి తమ్ముడికి తలంటడం తల్లి పోయినప్పటి నుంచి ఆవిడకి అలవాటు. కిడ్నీ ఇచ్చిన సంవత్సరం కూడా నొప్పి పట్టుకునే వచ్చి అంటింది. పెరట్లో పీట వేసి కూర్చోబెట్టి, నూనె గోరువెచ్చగా కాచి, ఈయన తల తన మోకాళ్ళకి ఆనించుకుంటుంది. యాభై దాటిన మనిషి కళ్ళు మూసుకుని చంటిపిల్లాడైపోతాడు. నేను కుంకుడురసం తయారుచేసి గిన్నె పట్టుకుని నిలబడాలి. అదీ నా వంతు.

ఆ పొద్దున కుడి చెవి దగ్గర ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి.

"ఏరా, ఇదేందిరా చెవెనకాల? గరుగ్గా తగుల్తోంది."

"ఏం లేదులే అక్కా."

"ఏం లేకపోడమేంది. ఎన్నాళ్ళ నించుంది?"

నేను గిన్నె పక్కన పెట్టి వంగి చూశాను. ఆవిడ చెవిని ముందుకి మడిచి పట్టుకుంది. మడతలో, పైభాగాన, మిరపగింజంత పొక్కు. పైన ఎండిన పెచ్చు. నెత్తి నుంచి అరికాలి దాకా అన్నీ చూసే నేను ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆ చెవిని మడిచి చూడలేదని ఆ క్షణంలో తెలిసింది. సిగ్గు వెయ్యలేదు, ఒళ్ళు మండింది. ఏడాదికోసారి వచ్చే మనిషికి, కళ్ళతో కూడా కాదు, వేలికొసకి దొరికింది. నాకు దొరకలేదు.

"అదా!" అన్నాను. "అది నాకెప్పుడో తెలుసు వదినా. మీ టోపీ తాడే ఒరుసుకుపోయింది. దానికి తోడు కాయలు కలబెట్టిన చేత్తో గోక్కుంటున్నాడు. మిరప మంట."

అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో. మా వైపు ఈ మాట ఎవరైనా నమ్ముతారు. కల్లంలో కాయ ఎండే రోజుల్లో ఒంటి మీద ఏం లేచినా మేం మిరప మంటే అంటాం. తాలుకాయలు ఏరే ఆడవాళ్ళ వేళ్ళు పగులుతాయి, మెడలు పొక్కుతాయి, కళ్ళు ఉబ్బుతాయి. ఆముదం రాసుకుంటాం, మజ్జిగ పోసుకుంటాం, కాయ నింపిన టిక్కీలు మార్కెట్ యార్డుకి చేరాక అదే తగ్గుతుందంటాం. కాయ అమ్ముడయ్యేదాకా ఎవరూ ఆసుపత్రి మాట ఎత్తరు.

"ఎందుకైనా మంచిది, ఆ డాక్టరమ్మకి ఓసారి చూపించండమ్మా" అంది వదిన.

"నెలనెలా చూసేదాన్ని నేను లేనా వదినా?" అన్నాను.

ఆవిడ నా మొహం వంక చూసింది. మళ్ళీ నూనె తీసుకుంది.

ఆవిడ బస్సెక్కిన రోజే ఆ టోపీ తీసి అటక మీద పడేశాను. ఒరుపు తగ్గేదాకా తువ్వాలు చుట్టుకోమన్నాను. నేను చుట్టిన తలపాగా కల్లంలోకి వెళ్ళిన కాసేపటికే విప్పి మెడలో వేసుకునేవాడు. చెవులకి ఎండ తగులుతోందని నాకు తెలుసు. అయినా టోపీ దించలేదు. దించితే ఆవిడ గెలిచినట్టు.

తర్వాతి ఆదివారం తలుపు గడియ వేసి చూశాను. ఆముదం రాస్తున్నానుగా, పెచ్చు మెత్తబడి ఊడింది, కింద ఎర్రగా ఉంది. కాగితం మీద చుక్క పెట్టాలి. ఆ బొమ్మలో చెవి వెనక భాగం లేనేలేదు, ఎక్కడ పెట్టను అని నాకు నేనే చెప్పుకున్నాను. "ఏం లేదు" అని రాశాను. మళ్ళీ నెల కూడా అదే రాశాను. అప్పటికది శనగగింజంత అయింది.

వదిన ఫోనులో రెండుసార్లు అడిగింది, మానిందా అని. ఎప్పుడో మానిందన్నాను. ఎందుకు అలా అన్నానో ఇప్పుడు దాచి లాభం లేదు. చూపిస్తే, అందులో ఏదైనా ఉంటే, కిడ్నీ ఇచ్చి ఒకసారి బతికించింది, వేలు పెట్టి రెండోసారి బతికించింది అంటారు. ఇంక ఈ ఇంట్లో నాకంటూ ఏముంటుంది? ఇదీ నా ఏడుపు. ఏమీ ఉండదులే, ఉంటే నేను చూడనా అనుకుంటూ మొగుడి చెవికి ఆముదం రాస్తూ కూర్చున్నాను.

ఎండలు ముదిరాక కిడ్నీ డాక్టరుగారి దగ్గరికి మామూలుగా చూపించుకోవడానికి వెళ్ళాం. రక్తపరీక్షలు చూసి బాగున్నాయన్నారు. తర్వాత తలెత్తి నన్నే అడిగారు. "ఒంటి మీద కొత్తగా ఏమైనా వచ్చాయామ్మా? మానని పుండ్లూ అవీ?"

"ఏం లేదండీ" అన్నాను.

మా ఆయన నా వైపు తిరిగి చూశాడు. తువ్వాలు చెవి మీదికి జారి ఉంది. సర్దుకోలేదు. ఆ చూపుకి అర్థం అప్పుడు నేను వెతకలేదు.

రోహిణి కార్తె ఎండల్లో ఓ పొద్దున దిండు గలీబు మార్చబోతే నెత్తుటి మరక. అది మూడోది. మొదటి రెండూ సబ్బుపెట్టి ఉతికి ఆరేసి ఊరుకున్నాను. ఈసారి ఆదివారం కాకపోయినా ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టాను. ఆముదమంతా తడిగుడ్డతో తుడిచేసి చెవి మడిచాను. వేరుశనగ గింజంత ఉంది, గట్టిగా, అంచులు లేచి, నడుమ చీము కాదు నెత్తురు కాదు అన్నట్టున్న తడి. వేలు పెడితే ఆయన ఉలిక్కిపడ్డాడు.

"నొప్పా?"

"ఊఁ."

"ఎప్పటి నించి?"

ఆయన తువ్వాలు అందుకున్నాడు. నేను మంచం పట్టె మీద కూర్చుండిపోయాను. ఆ భయంలో కూడా నాకు మొట్టమొదట తట్టిన మాటేమిటంటే, ఇది వదినకి తెలిస్తే ఎలా అని. ఛీ అనిపించింది. ఆ మర్నాడు పొద్దున్నే గుంటూరు వెళ్ళాం.

డాక్టరమ్మ ఏమీ అడక్కుండానే ముందు రెండు చెవులూ మడిచి చూసింది. తర్వాత మెడ కింద, దవడ కింద చాలాసేపు వేళ్ళతో నొక్కి నొక్కి చూసింది. ఆ వేళ్ళు ఎక్కడైనా ఆగుతాయేమోనని నేను చూస్తూ ఉన్నాను. "ఎన్నాళ్ళయింది?" అంటే "ఉగాది నించి" అన్నాను. "నెలనెలా చూస్తున్నారుగా?" అంది. "చూస్తున్నానండీ" అన్నాను. ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. వారం తర్వాత కాన్సరని చెప్పారు. మామూలు మనుషుల్లో ఈ రకం మెల్లగా పోతుంది, ఈ మందులు వాడేవాళ్ళలో తొందరగా పెరుగుతుంది, మెడ గడ్డల్లోకి పాకుతుంది అన్నారు. పాకితే ఒంటి కాపలాని లేపడానికి కిడ్నీ మందులు బాగా తగ్గించాల్సి రావచ్చు, తగ్గిస్తే కిడ్నీ నిలుస్తుందో నిలవదో చెప్పలేం అన్నారు. అంటే రెండూ ఒక్కసారే పోయేవి, నా మొగుడూ, ఆవిడ కిడ్నీ. స్కానింగు చేసి పాకలేదన్నప్పుడు వరండాలో గోడకి తల ఆనించుకుని ఏడ్చాను.

చెవి పైభాగం మూడో వంతు కోసేశారు. మెడ దగ్గర చర్మం తీసి అతుకు వేశారు. ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని కిడ్నీ మందుల్లో ఒకటి మార్చారు.

ఆపరేషను మర్నాడు వదిన వచ్చింది. దర్శి నుంచి రెండు బస్సులు మారి, చేతిలో క్యారేజీతో. నన్ను ఏకుతుందనుకుని గుండె దిటవు చేసుకుని నిలబడ్డాను. ఆవిడ క్యారేజీ కిందపెట్టి నా రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు కాబట్టి కనిపెట్టావమ్మా. ఆ రోజు నా వేలికి తగిలిందంటే తగిలింది. నువ్వు మానిందన్నాక నేను మర్చేపోయా. మళ్ళీ లేచిందని నువ్వే చూసి లాక్కొచ్చావంటగా, తమ్ముడు ఫోన్లో చెప్పాడు. నేను ఒక్కసారిచ్చి ఊరుకున్నా. నెలనెలా కాపాడుకుంటోంది నువ్వు."

వార్డులో పక్క మంచాల వాళ్ళు, వాళ్ళ చుట్టాలు అందరూ వింటున్నారు. ఇన్నేళ్ళుగా నేను ఏ మాట కోసమైతే కుళ్ళి కుళ్ళి చచ్చానో, ఆ మాట ఆవిడ నోటితోనే, పదిమందిలో వచ్చింది. నేనేం చేశాను? తలూపాను. ఊపుతూనే మంచం మీద ఉన్న మనిషి వైపు చూశాను. కట్టు కట్టిన తల గోడ వైపు తిప్పుకున్నాడు.

ఇంటికొచ్చిన నెలకి మొదటి ఆదివారం వచ్చింది. గడియ వేశాను. ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. అతుకు వేసిన చోటు చూస్తూ నేనే అడిగాను.

"మీ అక్కకి అలా ఎందుకు చెప్పారు? నేను కనిపెట్టానని?"

"నువ్వేగా తీసుకెళ్ళింది."

"ఉగాది నాడు ఆవిడ చూసింది."

"ఆ ముందు నెలలోనే నాకు తెలుసు" అన్నాడు. "పడుకుంటే గుచ్చుకునేది. నువ్వు చూస్తావులే అని ఆగాను. నువ్వు చూడలేదు. ఏం లేదని రాసుకుని మురిసిపోతుంటే ఇక్కడుందే అని ఎట్టా చెప్పను? ఇంతలో అక్క కనిపెట్టె. ఇంక అక్క మాట మీద ఆసుపత్రికి బయల్దేరితే నువ్వు ఊరుకుంటావా? మొహం మాడ్చుకుని నెల రోజులు ఇల్లు నరకం చేస్తావు. డాక్టరుగారి దగ్గర చెబుతావేమోనని చూశా. ఏం లేదన్నావు. పోనీలే, పోయేదైతే పోతుంది, మీ ఇద్దరి మధ్య పడటం కంటే ఇదే నయమనుకున్నా."

కోపంగా అనలేదు. పత్తికి ఈ ఏడు ధర లేదన్నట్టు అన్నాడు. నా చేతులు ఆయన తల మీదే ఉన్నాయి. ఆ మనిషి చావుకన్నా నా మూతి విరుపుకే ఎక్కువ భయపడ్డాడు. నా కుళ్ళు నాలోపలే ఉంది, ఎవరికీ కనపడదు అనుకున్నాను ఇన్నేళ్ళూ. ఇంట్లో ఆయన దాన్ని చూసుకుని అడుగు తీసి అడుగు వేస్తున్నాడు.

ఆ మధ్యాహ్నమే వదినకి ఫోను చేశాను. మానలేదు వదినా, మానిందని అబద్ధం చెప్పాను, మీ టోపీ నేనే అటక మీద దాచాను, డాక్టరుగారితో కూడా ఏం లేదన్నాను, ఎందుకంటే ముందు చూసింది మీరు కాబట్టి అని మొత్తం చెప్పేశాను.  

"నా కిడ్నీ పోతే పోయిందే. వాడు పోతే ఏం చేసేదానివే నువ్వు?" అంది. ఎన్నడూ నన్ను ఏమే అని పిలవని మనిషి. ఫోను పెట్టేసింది.

ఆ తర్వాత నా నంబరుకి ఫోను లేదు. సాయంత్రాలు ఆయనకే చేసేది. ఆయన పెరట్లోకి వెళ్ళి మాట్లాడి వచ్చేవాడు. ఏం మాట్లాడుకున్నారని నేను అడగలేదు గానీ, అడగకుండా ఉండటానికి పళ్ళు బిగబట్టుకున్నాను. అసూయ తప్పు ఒప్పుకోగానే పోయే రోగం కాదు. అటక మీంచి టోపీ దించి ఉతికి ఇచ్చాను. ఇప్పుడు కింద నా తువ్వాలు, పైన ఆవిడ టోపీ. మూడు నెలలకోసారి డాక్టరమ్మ చూస్తుంది. నెలనెలా నేను చూస్తాను. బొమ్మ కాగితం మీద చెవుల వెనక భాగం నేనే పెన్నుతో గీసుకున్నాను.

ఈ ఉగాదికి వస్తుందో రాదో అనుకున్నాను. తొలి బస్సుకే దిగింది. నాతో "కుంకుళ్ళు నానబోశావా?" అని తప్ప ఇంకో మాట లేదు. పెరట్లో పీట వేసుకుంది, తమ్ముణ్ణి కూర్చోబెట్టుకుంది, తల మోకాళ్ళకి ఆనించుకుంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను. చూస్తుంటే ఎప్పటిలాగే లోపల సన్నగా మంట లేచింది.

నడినెత్తి అయ్యాక ఆవిడ వేళ్ళు కుడి చెవి దగ్గరికొచ్చాయి. మిగిలిన ముక్కని ముందుకి వంచింది. అతుకు అంచులు, దాని చుట్టూ మాడు, మెడ మీదికి దిగే చోటు మెల్లగా తడిమింది. తర్వాత తలెత్తకుండానే "ఇట్టా రా" అంది.

వెళ్ళాను. నా చెయ్యి పట్టుకుని నూనెలో ముంచి, నా చూపుడువేలు ఆ చెవి వెనక పెట్టింది. "చూడ్డం కాదు. వేలు పెట్టి చూడు."

చూశాను. కళ్ళు మూసుకుని మరీ చూశాను. అతుకు దగ్గర నున్నగా ఉంది. పైన, కింద, దవడ కింద, ఎక్కడా ఏమీ తగల్లేదు. రెండుసార్లు చూసి, ఆ పైన ఇంకోసారి చూసి చెప్పాను.

"ఏం లేదు వదినా."

ఆవిడ నా మొహంలోకి చూసింది. నేను నిజమే చెప్పాను. ఆవిడ తన వేలు చెంగుకి తుడుచుకుని, మళ్ళీ నూనె అద్దుకుని, నేను చూసిన చోటే, మొదటి నుంచి, తను చూసుకుంది. అది అయ్యేదాకా గిన్నె పట్టుకుని అక్కడే నిలబడ్డాను.